కంచంలో ఇనుము, కడుపులో రసాలు

చిత్తూరు పల్లెల్లో ఒక పూట సంగటి ముద్దకు 150 గ్రాముల రాగి పిండి పడిందనుకుంటే, ఆహార పట్టికల లెక్కన ఆ ముద్దలో 6 నుంచి 7 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పక్కన చెనిక్కాయల ఊరిబిండి, ఆకుకూర పప్పు కూడా ఉంటే ఆ అంకె ఇంకొంత పెరుగుతుంది. ఎదిగిన మగవాడి ఒంట్లోంచి రోజుకు పోయే ఇనుము సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే; నెలసరి వచ్చే స్త్రీలలో సగటున అది ఒకటిన్నర దాకా ఉంటుంది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే కొరత అన్న మాటకే చోటుండకూడదు. అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేల్చింది. రక్తహీనతకు ఇనుము లోపం ఒక్కటే కారణం కాకపోయినా, ప్రధాన కారణాల్లో అది ఒకటి.

ఈ తేడాకు సాధారణంగా వినిపించే సమాధానం ఒకటుంది: ధాన్యాల్లో ఫాస్ఫరస్ నిల్వగా ఉండే ఫైటేట్లు, రాగుల పైపొరలో ఒగరునిచ్చే టానిన్లు ఇనుమును, జింకును పట్టి ఉంచుతాయి, అందుకే అవి ఒంటికి పట్టవు. ఇది నిజమే కానీ, ఇందులో సగం కథే ఉంది. ఫైటేటు ఇనుమును ఎక్కడ పట్టుకుంటుంది, ఎప్పుడు పట్టుకుంటుంది, దాని చేతిలోంచి ఇనుమును మరొకటి లాక్కునే అవకాశం ఏ చోట ఉంటుంది అన్న ప్రశ్నలకు జవాబు ధాన్యంలో దొరకదు. నోటి నుంచి చిన్నపేగు దాకా వరుసగా ఊరే రసాల్లో దొరుకుతుంది. సూక్ష్మ ఖనిజాల శోషణలో పెద్ద మలుపులన్నీ ఒక రసం పని ముగిసి మరో రసం పని మొదలయ్యే సరిహద్దుల్లోనే జరుగుతాయి.

ముందుగా ఆ రసాల పరిమాణం సంగతి. ఎదిగిన మనిషి జీర్ణనాళంలోకి రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర లీటర్ల లాలాజలం, సుమారు రెండు లీటర్ల జఠర రసం, ఒకటిన్నర లీటర్ల దాకా క్లోమ రసం, అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం వచ్చి చేరతాయి. పేగు గోడలు స్రవించేది దీనికి అదనం. తాగే నీళ్లకు ఇది మూడు నాలుగు రెట్లు. దాదాపు అంతా తిరిగి లోపలికి పీల్చుకోబడుతుంది కాబట్టి ఈ ప్రవాహం ఉన్నట్టే తెలియదు. ఖనిజాల విషయంలో మాత్రం ఈ రాకపోకలకు చాలా అర్థముంది, ఎందుకంటే ఈ రసాలు ఆహారంలోని ఖనిజాలను కరిగించడమే కాక, ఒంట్లోని ఖనిజాలను కొంత బయటికి మోసుకొస్తాయి కూడా.

నోటిలో జరిగేది కొద్దిసేపే అయినా కొట్టిపారేయదగింది కాదు. నేరేడు పండు కొరికినప్పుడో, వక్క నమిలినప్పుడో నాలుక మీద బిగుసుకున్నట్టు అనిపించే ఒగరు నిజానికి రుచి కన్నా స్పర్శకు దగ్గరగా ఉండే అనుభవం. లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. టానిన్లు తగలగానే అవి వాటిని పట్టుకొని ముద్దకట్టిపోతాయి, నోటిలోని జారుడుతనం పోయి ఒగరు తెలుస్తుంది. ఈ ప్రోటీన్లు ఎంత టానిన్‌ను పట్టుకుంటే కింద పేగులో ఇనుమును పట్టుకోవడానికి అంత టానిన్ తగ్గుతుంది. టానిన్ ఎక్కువగా ఉన్న మేత మరిగిన ఎలుకల్లో ఈ ప్రోటీన్ల ఉత్పత్తి పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో ఈ సర్దుబాటు ఇంత స్పష్టంగా రుజువు కాలేదు కాబట్టి, ముద్దను బాగా నమిలితే చాలునన్న ఉపదేశానికి దీన్ని ఆధారంగా చేసుకోవడం తొందరపాటే అవుతుంది. పైగా సంగటిని నమలడం ఆనవాయితీ కాదు. పులుసులో ముంచి మింగడమే దాని తీరు.

జఠర రసం దగ్గరకు వచ్చేసరికి విషయం చిక్కబడుతుంది. మొక్కల నుంచి వచ్చే ఇనుములో ఎక్కువ భాగం ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. ఈ రూపం గాఢమైన ఆమ్లంలో మాత్రమే కరిగి ఉంటుంది. ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం గాఢమైనట్టు లెక్క; అది 3 దాటితే ఈ ఇనుము తుప్పు లాంటి హైడ్రాక్సైడుగా పేరుకుపోవడం మొదలవుతుంది. పీహెచ్ ఒక్క మెట్టు పైకెక్కితే ఫెర్రిక్ ఇనుము కరిగే సామర్థ్యం వెయ్యో వంతుకు పడిపోతుంది. ఇనుముకున్న మరో రూపమైన ఫెర్రస్‌కు ఈ ఇబ్బంది చాలా తక్కువ, పీహెచ్ 7 దగ్గర కూడా అది కరిగే ఉండగలదు. పరగడుపున జీర్ణాశయంలో పీహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంటుంది. భోజనం పడగానే అది 4, 5 దాకా పెరిగి, ఆమ్లం ఊరే కొద్దీ గంటా రెండు గంటల్లో మళ్లీ దిగుతుంది. అంటే కంచం నిండా తిన్న మనిషి జీర్ణాశయంలో ఇనుము కరగడానికి తగిన ఆమ్లత భోజనం మొదట్లో కంటే చివర్లోనే ఎక్కువగా ఉంటుంది. భోజనం ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా పేగులోకి జారుతుంది కాబట్టి, అందులో ముందు దిగిన భాగానికి, ఆలస్యంగా దిగిన భాగానికి ఇనుము విషయంలో ఒకే గతి పట్టదు.

ఆమ్లంతో పాటు జీర్ణాశయం మరొకటి కూడా స్రవిస్తుందన్న సంగతి వైద్య పుస్తకాల బయట పెద్దగా ప్రచారంలో లేదు. అది విటమిన్ సి. ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయపు రసంలో ఆస్కార్బిక్ ఆమ్లం సాంద్రత రక్తంలో కన్నా ఎక్కువగా ఉంటుంది. ఇది ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఆమ్లంలో ఉన్నప్పుడే ఇనుముతో జతకట్టి, తర్వాత క్షారం తగిలినా దాన్ని కరిగిన స్థితిలోనే నిలిపి ఉంచుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి జీర్ణాశయపు పొరలో స్థిరపడితే ఈ స్రావం బాగా తగ్గిపోతుంది, వాపు ఏళ్ల తరబడి సాగితే కొందరిలో ఆమ్లమూ తగ్గుతుంది. ఎన్నాళ్లు మాత్రలు మింగినా తగ్గని ఇనుము లోపం కొందరిలో ఈ క్రిమిని మందులతో తొలగించాక తగ్గుముఖం పట్టడానికి కారణం ఇక్కడే ఉంది. పొట్టలో పుండ్లకు ఈ క్రిమికి సంబంధముందని నిరూపించినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పుండ్ల మాట అందరికీ తెలిసింది గానీ, ఇనుము మాట అంతగా తెలియలేదు.

తిరుపతిలో ఏ మందుల దుకాణం ముందు పది నిమిషాలు నిలబడినా వినిపించే మాట 'గ్యాస్ మాత్ర'. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి ఈ మందులు గ్యాసును ఏమీ చేయవు. జఠర గ్రంథుల్లో ఆమ్లాన్ని బయటికి నెట్టే ప్రోటాన్ పంపును అడ్డుకుంటాయి. పుండ్లు, ఛాతీలో మంట ఉన్నవారికి వీటి మేలు నిస్సందేహమైనది. అయితే వైద్యుడు నాలుగు వారాలకని రాసిన మాత్ర నాలుగేళ్లయినా పరగడుపున పడుతూనే ఉండడం మామూలైంది. ఆమ్లానికీ ఇనుము శోషణకూ ఉన్న బంధానికి తిరుగులేని రుజువు ఒకటి అనుకోని దిక్కు నుంచి వచ్చింది. ఐరోపా సంతతి వారిలో ఎక్కువగా కనిపించే హీమోక్రొమాటోసిస్ అనే వంశపారంపర్య జబ్బులో పేగు అవసరానికి మించి ఇనుమును లాగుతుంది, రోగులు తరచూ రక్తం తీయించుకోవాల్సి వస్తుంది. అటువంటివారు ప్రోటాన్ పంపును అడ్డుకునే మందు వాడినప్పుడు భోజనం నుంచి లోపలికి చేరే ఇనుము తగ్గిందని, తీయాల్సిన రక్తం కూడా తగ్గిందని 2007లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. వారికి వరమైన ఆ గుణమే ఇనుము చాలక నీరసపడేవారికి నష్టం చేస్తుందని ఊహించడం కష్టం కాదు. ఉదయాన గ్యాస్ మాత్ర, మధ్యాహ్నం ఇనుము మాత్ర మింగే గృహిణి విషయంలో రెండో మాత్ర పనిచేయడం లేదని నిందించే ముందు మొదటి మాత్ర సంగతి అడగాలి.

రేషన్ బియ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చౌక దుకాణాల్లో ఇస్తూ వచ్చిన పోషక బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున ప్రత్యేకంగా తయారుచేసిన గింజలు కలుపుతారు. అవి నీళ్లలో తేలితే ప్లాస్టిక్ బియ్యమని కంగారుపడినవారు ఈ జిల్లాలోనే కాదు, రాష్ట్రమంతటా ఉన్నారు. ఆ గింజల్లో వాడే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్. ఇది తెల్లగా ఉంటుంది, అన్నం రంగునూ రుచినీ మార్చదు, నీళ్లలో కరగదు. సరిగ్గా ఆ కరగని గుణమే దాన్ని వంటింట్లో అనుకూలంగానూ, పొట్టలో జఠర రసం మీద ఆధారపడేదిగానూ చేసింది, ఎందుకంటే అది కరగాలంటే గాఢమైన ఆమ్లం కావాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల్లోనే ఈ తేడా కనిపిస్తుంది: కిలో బియ్యానికి ఫెర్రిక్ పైరోఫాస్ఫేట్ రూపంలో అయితే 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. సోడియం ఐరన్ ఈడీటీఏ రూపంలో అయితే అందులో సగం, అంటే 14 నుంచి 21.25 మిల్లీగ్రాములు చాలు. ఈడీటీఏ జీర్ణాశయంలోని ఆమ్లంలో ఇనుమును గట్టిగా పట్టుకొని ఫైటేటు చేతికి చిక్కకుండా పేగు దాకా తీసుకుపోతుంది. దారిలో ఇనుము చేయి ఎవరు పట్టుకున్నారన్నది ఎంత ముఖ్యమో ఆ సగం అంకె చెప్పకనే చెబుతోంది.

మాంసంలోని ఇనుము తీరు వేరు. నాటుకోడి పులుసులోనో తలకాయ కూరలోనో ఉండే హీమ్ ఇనుము ప్రోటీను మధ్యలో ఒక వలయంలో బిగించి ఉంటుంది. జీర్ణాశయంలోని పెప్సిన్, తర్వాత క్లోమ రసంలోని ఎంజైములు ఆ ప్రోటీన్‌ను విప్పగానే వలయం వలయంగానే పేగు కణంలోకి పోతుంది కాబట్టి, ఫైటేట్లతోనూ టానిన్లతోనూ దానికి పెద్దగా పేచీ లేదు. హీమ్ ఇనుములో 15 నుంచి 35 శాతం దాకా లోపలికి చేరుతుంది. మొక్కల ఇనుములో ఆ వాటా తరచూ 5 శాతం చుట్టూ తిరుగుతుంది. సంగటితో పాటు కొంచెం మాంసం తిన్నా సంగటిలోని ఇనుము కూడా మెరుగ్గా పడుతుంది, మాంసపు ప్రోటీన్ల జీర్ణంలో పుట్టే చిన్న ముక్కలు ఇనుమును కరిగిన స్థితిలో ఉంచడం అందుకు ఒక కారణం.

ఆమ్లం నుంచి క్షారంలోకి

జీర్ణాశయం ద్వారం దాటి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి అడుగుపెట్టిన ఆహారానికి ఒక్కసారిగా వాతావరణం మారుతుంది. అక్కడికి చేరిన ఆమ్లమే సెక్రిటిన్ అనే హార్మోన్ విడుదలకు కారణమవుతుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ కనుగొన్న ఈ హార్మోన్ సందేశం అందుకొని క్లోమం బైకార్బొనేటుతో నిండిన రసాన్ని కుమ్మరిస్తుంది. దాని పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. పేగు పొరను ఆమ్లపు దెబ్బ నుంచి కాపాడడానికి, ఎంజైములు పనిచేయడానికి ఇది తప్పనిసరి. ఇనుముకు మాత్రం ఇదే పెద్ద గండం. జీర్ణాశయంలో అంత కష్టపడి కరిగిన ఫెర్రిక్ ఇనుము ఈ క్షారంలో తోడు లేకుండా దిగితే మళ్లీ గడ్డకట్టుకుపోతుంది. పైగా ఇనుమును ఎక్కువగా లోపలికి తీసుకునే చోటు కూడా ఈ ఆంత్రమూలమూ, దాని తర్వాత వచ్చే పేగులోని మొదటి భాగమే. కరిగి ఉండగలిగే గడువు, పేగు పొరను తాకగలిగే గడువు రెండూ ఒకే జానెడు మేర మీద నడుస్తాయి.

పేగు కణాల అంచున ఉన్న ఒక ఎంజైము ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది. డీఎంటీ-1 అనే వాహకం దాన్ని లోపలికి చేరవేస్తుంది. 1997లో గుర్తించిన ఈ వాహకం ఇనుముతో పాటు ఒక ప్రోటానును, అంటే ఆమ్లపు కణాన్ని కూడా లోపలికి లాగుతుంది; ఆమ్లం లేకపోతే దాని వేగం తగ్గిపోతుంది. పేగు నాళం మధ్యలో క్షారం ఉన్నా, పొరను అంటిపెట్టుకున్న జిగురు కింద కొంచెం ఆమ్లత నిలిచి ఉండడం అందుకే ఈ వాహకానికి అనుకూలిస్తుంది. ఆ జిగురు, అంటే మ్యూసిన్, ఇనుమును వదులుగా పట్టి ఉంచి గడ్డకట్టకుండా చూస్తుందని కూడా ప్రయోగశాలల్లో గమనించారు. క్లోమం దెబ్బతిని బైకార్బొనేటు సరిగా ఊరని రోగుల్లో ఇనుము మామూలుకన్నా ఎక్కువగా శోషించబడినట్టు కొన్ని పాత పరిశోధనల్లో కనిపించింది. తర్వాతి ఫలితాలన్నీ ఆ దారినే రాలేదు గానీ, ఆ గమనిక తర్కానికి విరుద్ధంగా మాత్రం లేదు.

ఇప్పుడు ఫైటేటు దగ్గరకు తిరిగి రావచ్చు. ధాన్యాలు, పప్పులు, చెనిక్కాయలు తమ ఫాస్ఫరస్‌ను దాచుకునే రూపం అది. గాఢమైన ఆమ్లంలో దాని పట్టు సడలుతుంది. పీహెచ్ పెరిగిన కొద్దీ ఇనుము, జింకు, కాల్షియంతో కలిసి కరగని ముద్దగా మారుతుంది. మనిషి జీర్ణరసాల్లో దాన్ని ముక్కలు చేసే ఫైటేజ్ అనే ఎంజైము పనికొచ్చే మోతాదులో లేదు. ఆంత్రమూలం ముఖద్వారంలో పోటీ ఇలా మొదలవుతుంది: ఒక వంక ఫైటేటు, టానిన్లు, మరో వంక విటమిన్ సి, పండ్ల ఆమ్లాలు, మాంసపు ప్రోటీన్ల ముక్కలు, మ్యూసిన్. ఇనుము ఎవరి చేతికి చిక్కిందన్నది జీర్ణాశయంలో ఆమ్లం ఉన్నంతసేపట్లో ఏ జతలు ఏర్పడ్డాయన్న దాని మీద చాలావరకు తేలిపోతుంది. అందుకే నిమ్మరసమో జామపండో భోజనంతో పాటే ఉండాలి. రెండు గంటల తర్వాత తింటే విటమిన్ సి ఒంటికి అందుతుంది గానీ, ఆ పూట ఇనుముకు తోడు దొరకదు. ఇదే లెక్క తలకిందులుగా టీకి వర్తిస్తుంది. భోజనంతో పాటు తాగిన టీ ఆ భోజనపు ఇనుము శోషణను సగానికి పైగా తగ్గించగలదు; గంటో గంటన్నరో ఆగి తాగితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

పులుపు ఉన్నదల్లా మేలే చేస్తుందన్న నమ్మకాన్ని మాత్రం కొంచెం ఆగి పరీక్షించాలి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ధాన్యాలను, పప్పులను గాజు పాత్రల్లో ముందు పెప్సిన్-ఆమ్లంతో, తర్వాత క్లోమ ఎంజైములు, పైత్య లవణాలతో జీర్ణం చేయించి, ఎంత ఇనుము, ఎంత జింకు కరిగి బయటికి వచ్చిందో కొలిచారు. నిమ్మ ఆమ్లం, ఎండు మామిడి పొడి కలిపినప్పుడు ఆ మొత్తం పెరిగింది. చింతపండుతో అంత మేలు కనిపించలేదు, అందులోని టానిన్లే కారణం కావచ్చునని భావించారు. ఉల్లి, వెల్లుల్లి కలిపినప్పుడు మాత్రం మెరుగుదల కనిపించింది. సంగటికి పచ్చిపులుసు తోడుగా నడిచే ఈ ప్రాంతంలో చింతపండును పొగడాలన్న ఉబలాటం ఉంటుంది. ఆధారం మాత్రం ఆ పచ్చిపులుసులో పిసికిన పచ్చి ఉల్లిపాయ వైపు, చిత్తూరు తోటల్లో విరగకాసే మామిడికాయ వైపు ఎక్కువ మొగ్గుతోంది. గాజు పాత్రలో తేలినది మనిషి పేగులోనూ అంతే మోతాదులో జరుగుతుందని చెప్పలేం, దిశను చూపిస్తుందని మాత్రం చెప్పవచ్చు.

జీర్ణరసాలు చేయలేని పనిని వంటిల్లు ముందుగానే చేసిపెట్టే సందర్భాలూ ఉన్నాయి. రాగి పిండిని రాత్రి నీళ్లలో కలిపి పులియబెట్టి పొద్దున కాచే అంబలిలో పులుపు పెరిగి పీహెచ్ 5 చుట్టుపక్కలకు దిగుతుంది. ధాన్యంలోనే ఉన్న ఫైటేజ్ చురుకుగా పనిచేసేది సరిగ్గా ఆ స్థాయిలో. రాగులను మొలకెత్తిస్తే ఆ ఎంజైము ఇంకా పెరుగుతుంది. ముందే ఉడికించిన సంగటిని రాత్రి నీళ్లలో వేసి పొద్దున సద్దిగా తాగడం చూడడానికి ఒకేలా ఉన్నా రసాయనంగా ఒకటి కాదు: ఉడికినప్పుడే ధాన్యపు ఫైటేజ్ చచ్చిపోతుంది, ఆ తర్వాత మిగిలేది సూక్ష్మజీవులు చేసేంత పనే. శీతాకాలంలో అనపగింజలను నానబెట్టి తొక్క పిదికి చేసే పితికిపప్పు కూడా, తెలిసి చేసినా తెలియక చేసినా, టానిన్ ఎక్కువగా ఉండే పైపొరను పళ్లెం దాకా రానివ్వని పద్ధతి.

రెండు వైపులా తెరుచుకునే తలుపు

ఇనుము విషయంలో ఒంటికి ఒక విచిత్రమైన పరిమితి ఉంది. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు దానికి లేదు. మెక్‌కాన్స్, విడోసన్ 1937లోనే ఈ సంగతి చూపారు. కాబట్టి నియంత్రణ అంతా లోపలికి వచ్చే దారి దగ్గరే, కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే హార్మోన్ చేతిలో ఉంటుంది. జింకు, రాగి లోహం, మాంగనీసుల పద్ధతి దీనికి భిన్నం. వాటిని బయటికి పంపే మార్గాలు జీర్ణరసాలే.

భోజనం చేసిన ప్రతిసారీ క్లోమ రసంతో పాటు జింకు పేగులోకి దిగుతుంది. ప్రోటీన్లను చివరి కొస నుంచి కత్తిరించే కార్బాక్సీపెప్టిడేజ్ ఎంజైముల మధ్యలో ఉండేది జింకే. ఆ జింకులో చాలా భాగాన్ని, ఆహారపు జింకుతో కలిపి, పేగు జిప్-4 వంటి వాహకాల ద్వారా తిరిగి తీసుకోవాలి. ఫైటేటుకు కంచంలోంచి వచ్చిన జింకు, క్లోమం నుంచి వచ్చిన జింకు అన్న తేడా తెలియదు, రెండింటినీ పట్టుకుంటుంది. భోజనంలో ఫైటేటుకూ జింకుకూ ఉన్న అణు నిష్పత్తి 15 దాటితే శోషణ బాగా దెబ్బతింటుందన్నది పోషకాహార శాస్త్రంలో స్థిరపడిన కొలబద్ద. ఆహారంలో ఉన్న జింకు చాలకపోవడమే కాక, ఒంట్లో ఉన్నది కూడా జారిపోతూ ఉంటే లోపం ఎంత దూరం పోతుందో 1961లో, ఇరాన్‌లో పనిచేసిన భారతీయ సంతతి వైద్యుడు ఆనంద ప్రసాద్ వర్ణించిన రోగులు చూపించారు: పులియబెట్టని రొట్టె మీద, కొందరు మట్టి మీద బతికి, ఇరవై ఏళ్లు వచ్చినా పదేళ్ల పిల్లల్లా మిగిలిపోయిన యువకులు. జింకు మనుషులకూ అత్యవసరమన్న సంగతి శాస్త్రలోకానికి నమ్మకం కుదిరింది ఆ తర్వాతనే.

అతిసారంలో ఈ తలుపు ఒక్కవైపే తెరిచి ఉంటుంది. రసాలు పేగులోకి వస్తూనే ఉంటాయి, తిరిగి పీల్చుకునే వ్యవధి ఉండదు, వాటితో పాటు జింకూ పోతుంది. పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులపాటు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు, ఆరు నెలల లోపు పసివారికైతే 10 మిల్లీగ్రాములు ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి చెప్పిన దాని వెనుక ఉన్న లెక్కల్లో ఇదొకటి. విరేచనాలు ఆగగానే మాత్ర మానేసే ఇళ్లలో నీళ్ల లోటు తీరినా జింకు లోటు మిగిలే ఉంటుంది.

రాగి లోహానికి బయటి దారి పైత్యరసం. లాలాజలం, జఠర రసం, పైత్యం కలిపి పేగులోకి తెచ్చే రాగి కంచంలోంచి వచ్చే రాగి కన్నా ఎక్కువ. పైత్యంలో వచ్చినది మాత్రం తిరిగి సులువుగా పీల్చుకోలేని రూపంలో ఉంటుంది కాబట్టి మలంతో పోతుంది. కాలేయం రాగిని పైత్యంలోకి పంపలేకపోవడమే విల్సన్ జబ్బు. ఆ జబ్బులో వాడే చికిత్సల్లో ఒకటి జింకు మాత్రలు: జింకు వల్ల పేగు కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, అది ఆహారపు రాగినీ, రసాలతో వచ్చిన రాగినీ కణంలోనే బంధిస్తుంది, కొన్ని రోజుల్లో ఆ కణం రాలినప్పుడు రాగీ దానితోనే పోతుంది. వైద్యుడు చెప్పకుండా జింకు మాత్రలు నెలల తరబడి మింగేవారిలో రాగి లోపం వచ్చి రక్తహీనత పుట్టడానికి కారణం కూడా ఇదే యంత్రాంగం. మాంగనీసుదీ పైత్యపు దారే. తిన్నదాంట్లో 5 శాతానికి మించి లోపలికి చేరదు, చేరినది కాలేయం ద్వారా వెళ్లిపోతుంది. పైత్యనాళం మూసుకుపోయిన పసిబిడ్డల్లో అది మెదడులో పేరుకునే ప్రమాదం ఉంది.

మిగిలిన వాటి కథ చిన్నది. సెలీనియం ఎక్కువగా మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం వేషంలో ప్రోటీన్లలో ఉంటుంది, ప్రోటీన్ జీర్ణమైతే చాలు, అదీ చేరిపోతుంది. అయోడిన్ దాదాపు పూర్తిగా శోషించబడుతుంది. లాలాజల గ్రంథులు, జీర్ణాశయం దాన్ని రక్తంలోంచి లాగి మళ్లీ నాళంలోకి వదలడం, అది మళ్లీ లోపలికి పోవడం నడుస్తూనే ఉంటుంది. క్రోమియం నూటికి ఒకటి రెండు పాళ్లు దాటదు.

కోబాల్టు ఒక్కదానికి ఈ రసాలన్నీ కావాలి. మనిషికి అది విటమిన్ బి12 రూపంలో తప్ప పనికిరాదు. ఆహారంలోని ప్రోటీన్ నుంచి బి12ను విడదీసేది జఠర ఆమ్లం, పెప్సిన్. విడిపోయిన వెంటనే దాన్ని పట్టుకునేది లాలాజలంతో వచ్చిన హాప్టోకోరిన్. ఆంత్రమూలంలో హాప్టోకోరిన్‌ను ముక్కలు చేసి బి12ను విడిపించేది క్లోమ ఎంజైములు. అప్పుడు దానితో జతకట్టి చిన్నపేగు చివరి భాగం దాకా తీసుకుపోయేది ఆమ్లం ఊరే కణాలే స్రవించిన ఇంట్రిన్సిక్ ఫాక్టర్. ప్రోటాన్ పంపును అడ్డుకునే మందులను రెండేళ్లకు పైగా వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపిస్తుందని 2013లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధన చూపింది. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో పాలు, పెరుగు తప్ప వేరే ఆధారం లేని ఈ పోషకం పైత్యంలో కూడా రోజూ కొంత పేగులోకి దిగుతుంది, ఇంట్రిన్సిక్ ఫాక్టర్ ఉన్నంతకాలం ఆ పాత సరుకు తిరిగి లోపలికి వెళ్తూనే ఉంటుంది. అందుకే పెరుగు కూడా ముట్టకుండా బతికే ఆరోగ్యవంతుడిలో బి12 లోపం బయటపడడానికి తరచూ ఎన్నో ఏళ్లు పడుతుంది. ఇంట్రిన్సిక్ ఫాక్టర్ ఆగిపోయినవాడు ఎంత మంచి తిండి తిన్నా, కాలేయంలో ఎంత నిల్వ ఉన్నా, అంతకన్నా ముందే, రెండు నుంచి ఐదేళ్లలోనే ఆ స్థితికి చేరతాడు.